ఉత్తరవాది పని

పాఠ్యభాగములు: ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక; మార్కు 9:14–29; యోహాను 9:1–23

ఈ పాఠము చదువుటకు ముందు ఫిలేమోను పత్రిక తీసి ఒకమారు పూర్తిగా చదువుడి. ఇరువదియైదు వచనములే గనుక పొయ్యిమీద అన్నము ఉడుకులోపల ముగియును. క్షమాపణను గూర్చిన పాఠముగా దానిని మనము అనేకమారులు విని యున్నాము. ఈ నెల దానిని వేరొక ప్రశ్నతో చదువుదము. తన మాట చెల్లని ఒకని పక్షముగా, మాట చెల్లు మరియొకడు ఏ విధముగా మాటలాడెను?

ఈ ప్రశ్న మన గుడుపల్లె మండలములోని కొన్ని ఇండ్లకు ప్రతి జూను నెలలోను వచ్చుచున్నది. మాట ఆలస్యమైన బిడ్డలు, చెవి సరిగా వినబడని బిడ్డలు, మూర్ఛ గలవారు, బుద్ధి నెమ్మదిగా ఎదుగువారు, చురుకైనవారై యుండియు అక్షరములు మాత్రము పట్టుబడనివారు, ఒకచోట రెండు నిమిషములు కూర్చుండలేనివారు మన పల్లెలలో ఉన్నారు. వీరి తల్లులు బడికి పోయి గుమ్మము దగ్గర నిలువబడినప్పుడు ఏమి జరుగునో మీలో కొందరు చూచియే యుందురు. ఎదుటివారు మంచివారే కావచ్చును. అయినను కుర్చీలో కూర్చున్నవారు అడుగుదురు, నిలిచియున్న తల్లి కొంగు పట్టుకొని తల ఊపును. అడుగవలెనని ఇంటినుండి మోసికొని వచ్చిన మాట నోటిలోనే యుండిపోవును.

అట్టి తల్లి ప్రక్కన ఒకరు నిలువవలెను. అట్లు నిలుచువానికి మన బైబిలులో చక్కని పేరున్నది. 1 యోహాను 2:1లో క్రీస్తు మనకు తండ్రియొద్దనున్న "ఉత్తరవాది" అని చదువుచున్నాము. మన భాషలో ఉత్తరము అనగా జవాబును అగును, జాబును అగును. నోటితో జవాబు చెప్పుటయు, దూరమునుండి జాబు వ్రాయుటయు రెండును ఈ పనిలో నుండుట మనకు అనుకూలముగానే యున్నది.

నేను చేసిన ఒక తప్పు మొదట చెప్పెదను. నాలుగు సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు పల్లెలో ఒక తల్లి యుండెను. భర్త బెంగుళూరులో కట్టడపు పనికి పోయి పదునైదు దినములకొకమారు రైలులో వచ్చును. ఆమె ప్రొద్దున పట్టుపురుగులకు ఆకు కోసి, తరువాత టమోటా తోటలకు కూలికి పోవును. ఏడేండ్ల కుమారుడు. వానికి మూర్ఛ వచ్చును. మాటలు బహు కొద్ది. బడిలో చేర్చుటకు రెండుమారులు పోయి ఊరకే తిరిగి వచ్చినదని విని, "నేను వచ్చి మాట్లాడతాను పదమ్మా" అంటిని. ఏ బడియో చెప్పను. ఈ పాఠమునకు పనికివచ్చునది నా తప్పే గాని వారిది కాదు.

హెడ్మాస్టరుగారి యెదుట అరగంట మాటలాడితిని. చట్టము చెప్పితిని, దయను గూర్చి చెప్పితిని, సెమినరీలో నేర్చిన వాక్చాతుర్యమంతయు చూపితిని. నడుమ ఆ తల్లి రెండుమారులు నోరు తెరచెను. "సార్, మావాడికి మధ్యాన్నం..." అని మొదలుపెట్టెను. నేను ఆమెవైపు తిరిగి, "గమ్మున ఉండమ్మా, నేను చెప్తా ఉండాను గదా" అంటిని. హెడ్మాస్టరుగారు ఒప్పుకొని బిడ్డ పేరు వ్రాసికొనిరి. నేను మిక్కిలి సంతోషముతో ఇంటికి వచ్చి, వచ్చిన ఆదివారమే సంఘములో ఆ సంగతి చెప్పి స్తోత్రగీతము పాడించితిని. అదియు ఒక తప్పే. దానిని గూర్చి తరువాత వ్రాసెదను.

మూడు వారములకు బిడ్డ మరల ఇంటిలో నుండెను. ఆమె చెప్పబోయి ఆపుకొనిన మాట ఏదనగా, మధ్యాహ్న భోజనము కాగానే వానికి ఒక మాత్ర వేయవలెను. ఆ మాట ఎవరికిని తెలియలేదు గనుక ఎవరును వేయలేదు. తరగతిలో మూర్ఛ వచ్చెను. ఉపాధ్యాయురాలు బెదరిపోయి, బాగైన తరువాత పంపుమని చెప్పిరి. రిజిస్టరులో పేరున్నది, తరగతిలో బిడ్డ లేడు. నేను మాత్రము పని ముగిసినదనుకొని ఆ వీధికే పోలేదు. ఏడు నెలల తరువాత సంతలో ఆమె కనబడి, "బాబు బాగా చదువుకుంటా ఉండాడా?" అని అడిగినప్పుడు సంగతి తెలిసెను. "ఆ పొద్దే చెప్దామనుకుంటి అయ్యగారూ. మీరు మాట్లాడతా ఉంటే అడ్డం రాగూడదని గమ్మునుంటి" అనెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు. నిష్ఠూరమాడినను నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ రాత్రి మార్కు 9వ అధ్యాయము చదివితిని. 14వ వచనము మీరును చూడుడి. శిష్యులును శాస్త్రులును తర్కించుచున్నారు, చుట్టును జనసమూహము. ఎవనిని గూర్చి ఈ తర్కమంతయు పుట్టెనో ఆ బిడ్డను, వాని తండ్రిని అడిగినవారు లేరు. యేసు వచ్చి ఆ తర్కములో చేరలేదు. తండ్రివైపు తిరిగి, ఇది ఎంతకాలమునుండి జరుగుచున్నదని అడిగెను. తండ్రి చిన్నతనమునుండి అని చెప్పి, నిప్పులోను నీళ్లలోను బిడ్డ పడిన సంగతియంతయు విప్పెను. మంచి వైద్యుడు మొదట అడుగు ప్రశ్న అదియే. బిడ్డను గూర్చి ఎక్కువ తెలిసినవారు ఆ తండ్రియే గనుక ప్రశ్న వానికే వేయబడెను. నేనైతే ఆ శాస్త్రుల గుంపులో నిలిచి అరగంట మాటలాడితిని.

ఇప్పుడు ఫిలేమోను పత్రికకు వత్తము. పౌలు బంధకములలో నున్నాడు గనుక కొలొస్సయికి తాను పోలేడు, దూరమునుండియే మాటలాడవలెను. అయినను ఉత్తరము ఒనేసిము చేతికిచ్చి వానిని ఒంటరిగా పంపలేదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:7–9 చూచినయెడల తుకికు కూడ వెళ్లుచున్నాడు. జాబును పోయెను, తోడును పోయెను. ఉత్తరమును చదువునది ఫిలేమోను ఒక్కడే కాడు. రెండవ వచనములో అప్ఫియకును, అర్ఖిప్పునకును, ఇంటిలోని సంఘమునకును అది వ్రాయబడినది. ఈ దినములలో మనము ఒక అర్జీ వ్రాసి, ప్రతిని పైయధికారికి కూడ పంపినట్లే. ఆ మనుష్యుని తప్పు ఎత్తకముందే వాడు ఎవడో, ఎట్లు ప్రయోజనకరుడో చెప్పబడెను. ఆజ్ఞాపింపగల అధికారముండియు వేడుకొనెను. చేర్చుకొనుమని కోరిక స్పష్టముగా చెప్పి, నష్టమేమైన నున్నయెడల తన లెక్కలో వేయుమని స్వహస్తముతో వ్రాసెను. 22వ వచనమును మనము సాధారణముగా దాటిపోవుదుము: తనకొరకు బస సిద్ధపరచుమనెను! అనగా, నేను వచ్చి చూచెదను అని తెలియజేసెను. నేను విడిచిపెట్టినది ఆ 22వ వచనమే. పేరు వ్రాయించితిని గాని మరల పోయి చూడలేదు.

అయితే ఈ పత్రికలో ఒనేసిము మాట ఒక్కటియు వినబడదు. మన పనికి ఫిలేమోను పత్రికతోపాటు మార్కు 9 కూడ కావలెనని నేను తలంచుటకు కారణమదియే.

మరుసటి జూనులో రెండవసారి వెళ్లితిమి. ముందటి సాయంకాలము నేను ఆ తల్లి ఇంటి అరుగుమీద కూర్చుండి ఊరకే వింటిని. ఆమె ఆడబిడ్డ కూతురు ఇంటర్మీడియెట్ చదువుచున్నది. ఆ అమ్మాయి వ్రాసెను. ఒక్కటే కాగితము. బిడ్డ పేరు, వయస్సు. తానుగా అన్నము తినును, చెప్పులు తొడుగుకొనును, మేకలను లెక్కించును. పెద్ద చప్పుడుకు చెవులు మూసికొనును. మాత్ర పేరు, వేయవలసిన వేళ. నాకు అంతవరకు తెలియని ఒక సంగతి అప్పుడు బయటపడెను. ఆ తల్లి పుట్టిల్లు తమిళదేశపు వైపు. బిడ్డ పలుకు పది మాటలలో ఏడెనిమిది తమిళ మాటలే! బడిలో తెలుగులో రమ్మన్నను కూర్చుండుమన్నను వాడు కదలనందున చెప్పినది అర్థము కాని బిడ్డ అనుకొనిరి. మూడు రాష్ట్రములు కలియు ఈ మూలలో ఒకే వీధిలో తెలుగు, తమిళము, కన్నడము వినబడును గదా. బిడ్డను పరీక్షించువారు ఎవరైనను వాడు ఇంటిలో విను భాషలోనే పరీక్షింపవలెనని తల్లి అడుగవచ్చును, అడుగవలెను కూడ.

ఆ దినమున బడిలో ఆమె కుర్చీలో కూర్చుండెను. నేను ప్రక్కన. నా ఫోనును బల్లమీద పెట్టి స్పీకరు వేసితిమి. బెంగుళూరులో సారవమీద నుండి దిగి వచ్చి తండ్రి మాటలాడెను. ఒక దినము కూలి పోకుండ, రాత్రి ప్రయాణము లేకుండ, బిడ్డ విషయములో మొదటిసారి ఆ తండ్రి మాట వినబడెను. ఆమె కాగితము చూచి చదువలేదు. కాగితము చేతిలో నున్నదను ధైర్యముతో నోటితోనే చెప్పెను. తడబడినప్పుడు నేను, "మాత్ర సంగతి చెప్పమ్మా" అని మాత్రము అందించితిని. మూర్ఛ వచ్చినయెడల ఏమి చేయవలెనో ఆమెయే ఉపాధ్యాయులకు చూపెను. బిడ్డను ఒక ప్రక్కకు పండుకొనబెట్టవలెను; తలక్రింద మెత్తని గుడ్డ పెట్టవలెను; నోటిలో చెంచా గాని వ్రేలు గాని పెట్టకూడదు; నీళ్లు పోయకూడదు; కాలుచేతులు అదిమి పట్టకూడదు. చేతిలో తాళపుచెవి పెట్టుటవలన ఏ ప్రయోజనమును లేదు. గడియారము చూడవలెను, అయిదు నిమిషములు దాటినయెడల 108కి ఫోను చేయవలెను. గత సంవత్సరము బెదరిపోయిన ఉపాధ్యాయురాలే ముందు వరుసలో కూర్చుండి రెండు ప్రశ్నలడిగిరి. ఆమెకు కావలసినది మందలింపు కాదు, ఈ పది నిమిషముల పాఠమేనని నాకు అప్పుడు తెలిసెను.

మేము అడిగినవి నాలుగే. మధ్యాహ్నపు మాత్ర ఎవరి చేతిమీదుగా వేయబడును? ప్రత్యేక బోధకులు ఏ దినమున వచ్చెదరు? వానిని కిటికీయొద్ద, చప్పుడు తక్కువగా నున్నచోట కూర్చుండబెట్టగలరా? నెల దినములకు మరల ఎప్పుడు కలియుదము? వారి జవాబులను ఆ అమ్మాయి అక్కడనే వ్రాసెను. తేదీ వేసి హెడ్మాస్టరుగారు సంతకము చేసిరి. అన్నియు జరిగినవని చెప్పను. ప్రత్యేక బోధకులు రావలసిన దినములలో సగమే వచ్చిరి. బిడ్డ ఇంకను అక్షరములు చదువలేడు. ప్రతిదినము బడికి మాత్రము పోవుచున్నాడు. మధ్యాహ్న భోజనమప్పుడు పళ్లెములు పంచుట వాని పని.

ఇక చట్టమును గూర్చి. ఉత్తరవాదికి దయగల హృదయము చాలదు, చేతిలో సరియైన వచనము కూడ ఉండవలెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. 1995 చట్టములో వైకల్యములు ఏడు మాత్రమే, ఇందులో ఇరువదియొకటి. ఆటిజము, మాటకు సంబంధించిన వైకల్యము, అక్షరములు పట్టుబడని అభ్యసన వైకల్యము ఇందులో చేరినవి. (మూర్ఛ ఒక్కటే ఆ పట్టికలో లేదు. దానితోకూడ నున్న మాట లోపమునో బుద్ధి ఎదుగుదల లోపమునో చూపవలెను.) 16వ సెక్షను ప్రకారము ప్రభుత్వముచే నడుపబడు బడులును, గుర్తింపు పొందిన బడులును ఇట్టి బిడ్డలను భేదము లేకుండ చేర్చుకొని, వారికి తగిన సదుపాయములు చేయవలెను. సర్టిఫికెట్టు తెచ్చువరకు చేర్చుకొనమని చెప్పుటకు ఆ సెక్షనులో చోటులేదు. 40 శాతమో అంతకు మించియో వైకల్యమున్నట్లు ధ్రువపడిన బిడ్డకు ఆరవ ఏటినుండి పదునెనిమిదవ ఏటివరకు దగ్గరి బడిలో గాని, కోరిన ప్రత్యేక బడిలో గాని ఉచిత విద్య 31వ సెక్షను ప్రకారము హక్కు. పరీక్షలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషల మినహాయింపు మొదలైనవి 17వ సెక్షనులో నున్నవి. కొట్టుట, అవమానించుట 2009 విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను ప్రకారము ఏ బిడ్డ విషయములోను నిషేధము.

ఒక సంగతి ప్రత్యేకముగా గుర్తుంచుకొనుడి. 2012లో విద్యాహక్కు చట్టమును సవరించి, తీవ్రమైన వైకల్యము గల బిడ్డలు ఇంటియొద్దనే చదువుకొను హక్కును కోరుకొనవచ్చునని వ్రాసిరి. కోరుకొనవలసినది కుటుంబము. "ఇంట్లోనే పెట్టుకోండమ్మా, టీచరు వస్తుంది" అని బడివారు నిర్ణయించి పంపుటకు అది వ్రాయబడలేదు.

మన రాష్ట్రములో సమగ్ర శిక్ష క్రింద మండలములలో భవిత కేంద్రములున్నవి. ప్రత్యేక బోధకులు అక్కడ నేర్పుదురు. కదలలేని బిడ్డల ఇంటికి వెళ్లుటయు వారి పనిలో భాగమే. సదరం సర్టిఫికెట్టుకు సచివాలయములో గాని మీసేవలో గాని దినము నిర్ణయించుకొని, ఆసుపత్రిలోని వైద్యుల బోర్డు ఎదుట చూపవలెను. శాతము ఎక్కువ వేయించెదమని డబ్బడుగు దళారులు దారిలో తగులుదురు. వారికి ఒక్క రూపాయియు ఇయ్యవద్దు. బోధకులు చాలరను మాట నిజమే. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులలో పదిమంది ఇట్టి బిడ్డలకు ఒకరు, పై తరగతులలో పదునైదుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక బోధకులుండవలెనని చెప్పినది. కావున తల్లి అడుగునది భిక్షము కాదు.

మాటలతో పని కానియెడల అర్జీ వ్రాయవలెను. తెలుగులో, ఒక పుటకు మించకుండ, రెండు ప్రతులు. ఒకటి ఇచ్చి, రెండవదానిమీద తేదీతో ముద్ర వేయించుకొనుడి. వేయనియెడల స్పీడుపోస్టులో పంపి రసీదు దాచుకొనుడి. విద్యాహక్కు చట్టము 32వ సెక్షను క్రింద స్థానికాధికారికి వ్రాసి ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలలలోపల తీర్చవలెను. అక్కడ తీరనిచో బాలల హక్కుల రాష్ట్ర కమిషనుకు పోవచ్చును. వికలాంగుల కొరకు రాష్ట్ర కమిషనరుగారు కూడ ఉన్నారు. లాయరు కావలసివచ్చినయెడల 1987 చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, వికలాంగులకును న్యాయ సహాయము ఉచితము. 15100కి ఫోను చేసి అడుగవచ్చును. అయితే మొదటి దినముననే కోర్టు పేరు ఎత్తువాడు మంచి ఉత్తరవాది కాడని నా అభిప్రాయము. రేపు ఆ బిడ్డను ఆ బడిలోనే విడిచి రావలెను గదా.

ఎప్పుడు వెళ్లవలెను, ఎప్పుడు ఫోను చాలును? అనుభవముచేత నేను నేర్చినది చెప్పెదను. మొదటి కలయికకు తప్పక వెళ్లవలెను. తల్లి ముఖము చూడనిదే ఆమె ఎక్కడ ఆగిపోవుచున్నదో తెలియదు. బడి మెట్లు చూడనిదే బండిమీద వచ్చు బిడ్డ లోపలికి ఎట్లు పోవునో తెలియదు. సంతకము పెట్టవలసినప్పుడు, కోపములు వచ్చినప్పుడు కూడ వెళ్లవలెను. తరువాతి విచారణలకు ఫోను చాలును. దూరపు వైద్యుని మాట వినుటకు వీడియో కాల్ ఎంతో మేలు; మూర్ఛ గల బిడ్డను ఎండలో నాలుగు గంటలు బస్సులో త్రిప్పుట తగ్గును. కాని ఫోనులో చెప్పబడిన మాట గాలిలో మాట. "చూస్తామండీ" అనుట వారికి సులభము, నమ్ముట మనకు సులభము. కావున ఫోను పెట్టిన వెంటనే ఏ తేదీన ఎవరు ఏమి చెప్పిరో రెండు పంక్తులు వ్రాసి వారికే సందేశముగా పంపుడి: "తమరు ఈ దినము చెప్పినట్లు, సోమవారమునుండి బోధకులు వచ్చెదరని గ్రహించితిమి. వందనములు." అంతే. ఇది తగవు కాదు, జ్ఞాపకము. మన కొండల నడుమ మాట తెగిపోవునప్పుడు కూడ సందేశము చేరును. చదువురాని తల్లికైతే అదే మాటను ఆమె ఫోనులో గొంతుతో రికార్డు చేసి పంపవలెను. లేనియెడల ఆమె బిడ్డ సంగతి ఆమెకు తప్ప అందరికి తెలిసియుండును.

వెళ్లుటయు వ్రాయుటయు కలిసినప్పుడు ఏమి జరుగునో చూపుటకు లోకమెరిగిన ఒక కుటుంబమును జ్ఞాపకము చేయుదును. అమెరికా దేశపు అలబామాలో హెలెన్ కెల్లర్ అను బాలిక పసితనముననే చూపును వినికిడిని పోగొట్టుకొనెను. తల్లిదండ్రులు ఊరకుండక 1886లో ఆమెను తీసికొని ప్రయాణమైపోయి, టెలిఫోను కనుగొనిన గ్రాహం బెల్ గారిని కలిసిరి. బెల్ గారు బోస్టను నగరపు పెర్కిన్స్ అంధుల పాఠశాలను చూపిరి. తండ్రి ఆ పాఠశాల అధికారికి ఉత్తరము వ్రాసెను. 1887 మార్చి 3న ఆన్ సలివన్ అను యువతి ఆ ఇంటి గుమ్మములో దిగెను. అటు తరువాతి కథ మీకు తెలియును. ఆ హెలెన్ 1955లో మన దేశమునకు కూడ వచ్చి వెళ్లెను. బోధకురాలి పేరు అందరును తలంతురు గాని, ఒక రైలు ప్రయాణమును ఒక జాబును దానికి ముందున్నవి. ఆ దేశములోనే 1972లో పెన్సిల్వేనియా తల్లిదండ్రులు బుద్ధి నెమ్మదిగా ఎదుగు తమ బిడ్డలకు బడి తలుపు తెరువుమని కోర్టునకు పోయి సాధించిరి; మూడు సంవత్సరములకు, 1975లో, దేశమంతటికి చట్టము వచ్చినది. అందులో బిడ్డ చదువును గూర్చి నిర్ణయించు కూటమిలో తల్లిదండ్రులకు కుర్చీ వేయబడెను.

మనకు అంత దూరము పోనక్కరలేదు. కుప్పములో రైలెక్కి జోలార్‌పేట మీదుగా కాట్పాడిలో దిగినయెడల వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల దగ్గరనే. మదనపల్లె, పుంగనూరులలో పనిచేసిన ఆర్కాటు మిషను కుటుంబములో పుట్టిన ఐడా స్కడ్డర్ అమ్మగారు 1900లో మొదలుపెట్టిన పని అది. అక్కడ నంబిక్కై నిలయమను విభాగమున్నది. తమిళములో నంబిక్కై అనగా మన నమ్మికయే. బుద్ధి ఎదుగుదలలో లోపమున్న బిడ్డతో తల్లి గాని తండ్రి గాని కూడ ఉండి, బిడ్డకు ఎట్లు నేర్పవలెనో నేర్చుకొందురు. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థయు, బెంగుళూరులో నిమ్హాన్సును ఉన్నవి. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత, అక్కడివారు వ్రాసిన కాగితమును బడివారికి ఇచ్చి అర్థము చెప్పువారు లేక అనేకులు దానిని బీరువాలో పెట్టుదురు. ఉత్తరవాది ఆ కాగితమును తీయించి బడికి తీసికొనిపోవలెను.

ఇప్పుడు యోహాను 9. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులడిగిన మొదటి ప్రశ్న, వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని. మన వీధులలో ఆ ప్రశ్న ఇంకను చావలేదు. గ్రహణములో బయటికి వచ్చినదనియు, మేనరికపు శాపమనియు, తల్లి మొగమెదుటనే అందురు. యేసు ఆ ప్రశ్నను మూడవ వచనములోనే కొట్టివేసెను. అయినను 20–22 వచనములు చూడుడి: అధికారులు పిలిచి అడిగినప్పుడు కన్నవారు భయపడి, వాడు పెద్దవాడు, వానినే అడుగుడని తప్పుకొనిరి. సమాజములోనుండి వెలివేయుదురని వారి భయము. వారిని పిరికివారని మనము సులభముగా ప్రసంగించుదుము. వారి ప్రక్కన ఒక్కరైనను నిలిచిరా? అధ్యాయమంతయు వెదకితిని; నాకు ఎవరును కనబడలేదు.

కొందరు సేవకులు ఈ తల్లులతో, ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానుమని చెప్పుచున్నారు. మూర్ఛ మాత్ర ఉన్నట్టుండి మానినయెడల మూర్ఛలు విడువకుండ వచ్చి ప్రాణమునకే ముప్పు. సోదరులారా, అట్లు చెప్పవద్దు. ప్రార్థించుడి, మాత్ర వేళ కూడ గుర్తుచేయుడి.

నా రెండవ తప్పును గూర్చి తరువాత వ్రాసెదనంటిని. తల్లి సెలవు లేకుండ ఆమె బిడ్డ సంగతిని ఆదివారము అందరి యెదుట చెప్పితిని. మంచి మనస్సుతోనే. మరుసటి వారము బావియొద్ద ఇద్దరు స్త్రీలు ఆమెను మూర్ఛ సంగతి అడిగిరట. అంతవరకు ఆమె దానిని తన చుట్టములకే చెప్పలేదు. ఇప్పుడు సంఘపు వాట్సాప్ గుంపులో బిడ్డ ఫోటోను, సర్టిఫికెట్టును పెట్టి ప్రార్థించుమని వ్రాయువారున్నారు. ఒకమారు పంపినది ఎన్ని ఫోనులకు పోవునో పంపినవానికే తెలియదు. ఆమెను అడుగుడి. ఆమె వద్దన్నయెడల గదిలో ప్రార్థించుడి. తండ్రి రహస్యమందు చూచును గదా.

మరియొకటి. మన సంఘపు బిడ్డలకే ఈ పని అనుకొనవద్దు. సహాయమడుగువారు ఏ ఇంటివారైనను వారి బడి సంగతి మాత్రమే మాటలాడి రావలెను. వారి నమ్మకమును గూర్చి ఆ దారిలో ఎత్తకూడదు.

వచ్చే నెల మొదటి సోమవారమున మరియొక తల్లి తన కుమార్తెను బడిలో చేర్చుటకు పోవుచున్నది. ఆ బాలికకు చెవి వినబడదు. చెవి యంత్రము వచ్చినది గాని బ్యాటరీ ఎవరు మార్చవలెనో తేలలేదు. తోడుగా రమ్మని నన్ను పిలిచెను. నేను ఆ మూర్ఛ బిడ్డ తల్లి పేరు చెప్పితిని. ఇద్దరును నిన్న సాయంకాలము అరుగుమీద కూర్చుండి కాగితము వ్రాయించుచుండిరి. "మీరు గూడా రాండి అయ్యగారూ, బయట కూచోండి. ఫోనుకు చార్జింగు పెట్టుకోని రాండి" అని మొదటి తల్లియే నాకు చెప్పెను. ఆ బడి ఆవరణములో ఒక వేపచెట్టున్నది. అక్కడ కూర్చుందును.